కారు దారిలో మొరాయిస్తే: రహదారిపై అత్యవసర జాగ్రత్తలు

నడుస్తున్న కారు యంత్రలోపం వల్లో, టైరు దెబ్బతినో, బ్యాటరీ చచ్చిపోయో దారి మధ్యలో ఆగిపోవడాన్ని వాడుకలో మొరాయించడం, బ్రేక్‌డౌన్ కావడం అంటారు. ఇందులో చెడిపోయిన భాగం కంటే కారు ఆగిన చోటే ఎక్కువ ప్రమాదకరం. ఇంజను పాడైతే పోయేది డబ్బు. వాహనాలు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే చోట నిలబడిపోతే పోయేది ప్రాణం. ‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’ అనే శీర్షిక తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో కనిపిస్తూనే ఉంటుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఢీకొన్న తీరును బట్టి చూస్తే ఆ ఏడాది జరిగిన ప్రమాదాల్లో వెనక నుంచి గుద్దినవే ఎక్కువ.

అందువల్ల జాగ్రత్తలకు ఒక వరుస ఉంది. ముందు మనుషులు రోడ్డుకు దూరం కావాలి. ఆ తర్వాత ఆగిన బండి వెనక వచ్చేవాళ్లకు కనిపించాలి. ఫోను చేయడం మూడో పని, మరమ్మతు ఆఖరిది. మన రోడ్ల మీద జరిగేది చాలావరకు దీనికి తలకిందులు. కారు ఆగగానే డ్రైవరు బానెట్ ఎత్తుతాడు, ఇద్దరు ముగ్గురు అందులోకి తొంగిచూస్తారు, పిల్లలు రోడ్డు వైపు తలుపు తీసుకుని దిగుతారు.

రోడ్డు మీద కదలకుండా పడి ఉన్న వస్తువు ఎంత చిన్నదైనా ఎంత నష్టం చేయగలదో 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలో చిన్నటేకూరు వద్ద తెలిసింది. అంతకుముందే ప్రమాదానికి గురై 44వ నంబరు జాతీయ రహదారి మీద పడి ఉన్న ఒక మోటారు సైకిలు మీదికి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు ఎక్కింది. బైకు బస్సు కింద ఇరుక్కుని రోడ్డు మీద రాసుకుంటూ పోవడంతో మంటలు లేచాయి. బస్సులోని 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ చీకట్లో బైకు పడి ఉందని వెనక వచ్చే వాహనాలకు తెలిపే గుర్తు లేదు.

ఎక్కడ ఆపాలి

చాలా లోపాలు ముందుగా సూచన ఇస్తాయి. వేడిని చూపే ముల్లు పైకి లేస్తుంది, ఎర్ర దీపం వెలుగుతుంది, స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది, కాలిన వాసన వస్తుంది. అప్పుడు ఉన్న లేనులోనే సడన్ బ్రేకు వేయకుండా ఎడమ ఇండికేటరు వేసి, వేగం తగ్గించుకుంటూ రోడ్డు మార్జిన్ దాకా రావాలి. దగ్గరలో పెట్రోలు బంకో, దాబానో, టోల్‌ప్లాజానో, సర్వీసు రోడ్డో ఉంటే అక్కడిదాకా మెల్లగా నడిపించడం మేలు. గాలి పోయిన టైరు మీద మూడు నాలుగు వందల మీటర్లు నడిపితే టైరు పనికిరాకుండా పోవచ్చు, రిమ్ము వంగవచ్చు. ఆ ఖర్చుకు వెనకాడి ఫ్లైఓవరు మీదో, మలుపులోనో, డివైడరు పక్కనో టైరు మార్చడానికి కూర్చోవడం దండగ బేరం. ఇంజనులో ఆయిలు పీడనం పడిపోయినట్లు ఎర్ర దీపం వెలిగితే మాత్రం ఈ వెసులుబాటు తక్కువ. అలా కొద్ది దూరం నడిపినా ఇంజను పట్టేస్తుంది.

బండి కదులుతుండగా ఇంజను ఆగిపోతే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది. రెండూ పని చేస్తూనే ఉంటాయి, బలం ఎక్కువ పెట్టాలి అంతే. బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ బూస్టరులో రెండు మూడు తొక్కులకు సరిపడా శక్తి మిగిలి ఉంటుంది కాబట్టి పెడలును పదేపదే తొక్కి వృథా చేయకూడదు. తాళం మాత్రం బయటికి తీయరాదు. తీస్తే చాలా కార్లలో స్టీరింగు లాకైపోతుంది.

ఆగగానే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మినుకుమనే హజార్డ్ లైట్లు వేయాలి. వీటి పని ఇదే. వాన పడుతున్నప్పుడు, సొరంగంలో వెళ్తున్నప్పుడు, చౌరస్తాలో నేరుగా పోతున్నామని చెప్పడానికి వీటిని వాడే అలవాటు దేశమంతటా ఉంది. దానివల్ల నిజంగా ఆగిన బండికీ కదులుతున్న బండికీ తేడా తెలియకుండా పోతోంది.

కారులోనివారు రోడ్డుకు ఎదురు వైపు, అంటే ఎడమ తలుపుల నుంచి దిగి, ఇనుప రెయిలింగు ఉంటే దాని అవతలికి వెళ్లాలి. కారు ముందు గానీ, దాని నీడలో గానీ నిలబడకూడదు. వెనక నుంచి ఏదైనా గుద్దితే కారు ముందుకే ఎగురుతుంది. రోడ్డుకు దూరంగా, కారుకు కాస్త వెనక పక్కగా ఉండటం క్షేమం. వంతెన మీద రెయిలింగు అవతలికి అడుగు వేసే ముందు అక్కడ నేల ఉందో లేదో చూసుకోవాలి, రాత్రి వేళ మరీ. దిగడానికి వీలే లేకపోతే సీటు బెల్టు పెట్టుకుని లోపలే కూర్చోవాలి.

హెచ్చరిక త్రికోణం, కొమ్మలు, రాళ్లు

కారుతో పాటు కంపెనీ ఇచ్చే ఎర్రని ప్రతిఫలన త్రికోణం చాలా డిక్కీల్లో ప్లాస్టిక్ కవరు విప్పకుండానే పడి ఉంటుంది. దాన్ని ఎంత దూరంలో పెట్టాలన్నది లెక్క కట్టి చూడవచ్చు. నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్రం 2018లో అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. వెనక వచ్చే డ్రైవరు విషయం గ్రహించి బ్రేకు మీద కాలు వేసేసరికి ఒకటిన్నర, రెండు సెకన్లు గడుస్తాయి. ఆ లోపు కారు 40 నుంచి 55 మీటర్లు వచ్చేస్తుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు ఆ వేగాన్ని ఆపడానికి మరో 50, 60 మీటర్లు కావాలి. మొత్తం వంద మీటర్ల పైమాట. తడి రోడ్డు, నిండు లోడు లారీ అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి ఊళ్లో 50 మీటర్లు సరిపోవచ్చు గానీ జాతీయ రహదారిపై త్రికోణం కనీసం వంద మీటర్లు, అంటే సుమారు 130 అంగలు వెనక ఉండాలి. మలుపు దాటి ఆగితే దూరం సంగతి అటుంచి మలుపుకు ముందే పెట్టాలి. పెట్టడానికి వెళ్లేవారు రోడ్డు అంచు బయటి నుంచి, వచ్చే వాహనాలకు ఎదురుగా, విప్పిన త్రికోణాన్ని ముందు పట్టుకుని నడవాలి.

హైదరాబాద్ బాహ్య వలయ రహదారి పొడవు 158 కి.మీ., పై వేగం 120 కి.మీ. అలాంటి చోట త్రికోణం పట్టుకుని నడవడమే ప్రమాదం. వాహనాలు ఆగకుండా పోతుంటే హజార్డ్ లైట్లు వెలుగుతూ ఉంచి రెయిలింగు అవతల నుంచి ఫోను చేయడం ఉత్తమం.

లారీ డ్రైవర్లకు త్రికోణం కంటే పాత పద్ధతి ఒకటి ఉంది. చెట్టు కొమ్మలు విరిచి బండి వెనక కుప్ప వేస్తారు, అడ్డంగా రాళ్లు పేరుస్తారు. పగటి పూట పచ్చని కొమ్మ దూరం నుంచి కనిపిస్తుంది, కాదనలేం. రాత్రి మాత్రం దీపం వెలుగును తిప్పి కొట్టే గుణం ఆకుకు లేదు. రాళ్లతో వచ్చే చిక్కు వేరు. మరమ్మతు అయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. ఆ తర్వాత అటు వచ్చే ద్విచక్ర వాహనదారు వాటికి బలవుతాడు.

ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

జాతీయ రహదారులపై ఏ సాయానికైనా 1033 నంబరు రాత్రింబవళ్లు పని చేస్తుంది. గస్తీ వాహనం, అంబులెన్సు, క్రేను టోల్‌ప్లాజాల దగ్గర సిద్ధంగా ఉంచాలన్నది రహదారి నిర్వహణ ఒప్పందాల్లో భాగం. పోలీసు, అగ్నిమాపక, వైద్య సేవలన్నిటికీ కలిపి 112. గాయాలైతే 108. ఈ 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై తర్వాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. ఒంటరిగా ఉన్నవారు, ముఖ్యంగా రాత్రి వేళ మహిళలు, ఫోనులో తామున్న చోటును ఇంట్లోవాళ్లకు పంపి, తలుపులు లాక్ చేసుకోదగిన వెలుతురున్న చోట ఆగడం మంచిది.

సాయం ఆలస్యం కావడానికి తరచు కారణం చోటు సరిగా చెప్పలేకపోవడం. ‘చౌటుప్పల్ దాటాక ఒక దాబా దగ్గర’ అంటే అలాంటి దాబాలు పదుంటాయి. రహదారి పక్కన కిలోమీటరు రాయి మీది సంఖ్య చెబితే గస్తీ వాహనం నేరుగా వస్తుంది. జాతీయ రహదారి రాళ్లకు పైభాగం పసుపు, రాష్ట్ర రహదారి రాళ్లకు ఆకుపచ్చ. వాటి మధ్య ప్రతి 200 మీటర్లకు ఒక చిన్న రాయి ఉంటుంది. ఎటు నుంచి ఎటు వెళ్లే వైపు ఉన్నారో కూడా చెప్పాలి, డివైడరున్న రోడ్డు మీద అవతలి వైపుకు రావడానికి క్రేను చాలా దూరం తిరగాలి. ఇక రహదారి నంబర్లు 2010లో మారాయి. హైదరాబాద్–విజయవాడ దారిని ఇప్పటికీ తొమ్మిదో నంబరనే పెద్దలున్నారు, అది ఇప్పుడు 65. పాత ఐదు ఇప్పటి 16, పాత ఏడు ఇప్పటి 44.

నల్లమలలో ఈ సూచనలన్నీ చెల్లవు. శ్రీశైలం దారిలో అడవిలో చాలా దూరం ఫోనుకు సిగ్నలు అందదు. వన్యప్రాణుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు చెక్‌పోస్టుల దగ్గర వాహనాలు ఆపేస్తారు. అక్కడ మొరాయిస్తే కారు దిగి అడవిలోకి నడవకుండా, అటుగా వచ్చే బస్సుతోనో మరో కారుతోనో చెక్‌పోస్టుకు కబురు పంపడమే దారి.

టైరు

మొరాయింపుల్లో సామాన్యమైనది పంక్చరు, భయంకరమైనది టైరు పేలడం. ఎండాకాలంలో టైరు పేలితే గాలి ఎక్కువ పట్టించడమే కారణమని చాలామంది అనుకుంటారు, ప్రయాణానికి ముందు కావాలనే కొంత గాలి తీయిస్తారు. అసలు జరిగేది వేరు. గాలి తక్కువున్న టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తుంటాయి, ఆ వంపుల్లో వేడి పుడుతుంది, లోపలి పొరలు ఊడి టైరు పేలుతుంది. మే నెలలో రాయలసీమ రోడ్ల మీద నిండు కారుతో, తక్కువ గాలితో, ఆపకుండా వంద మీద పోవడం దానికి అనువైన ముహూర్తం. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టికలో రాసినంత గాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి.

పేలినప్పుడు కారు ఒక పక్కకు ఈడుస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కితే తిరగబడుతుంది. రెండు చేతులతో స్టీరింగును నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీసి, వేగం దానంతటది పడిపోయాక పక్కకు తేవాలి.

మార్చే చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం. ఆ పేరు వేల్స్‌లోని లనెల్లి పట్టణపు స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు కార్ల కోసం అదనపు చక్రం తయారు చేసి అమ్మారు. సొంత దేశంలో మాట మరుగున పడినా మన పంక్చర్ షాపుల్లో బతికే ఉంది. చదునైన గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, మార్చే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రం కింద రాయి పెట్టి పని మొదలుపెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి, గాల్లో లేపాక పానా వేస్తే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీంచి జారుతుంది. జాకీని కారు అడుగున గుర్తు పెట్టిన చోటే ఆనించాలి. జాకీ మీదున్న కారు కిందికి చెయ్యీ కాలూ పోనీయకూడదు. కొత్త చక్రం నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, కారు దించాక మరోసారి బిగించాలి. కొన్ని కార్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది, దాని మీద 80 కి.మీ. దాటకూడదు. టైరులో గాలి తగ్గితే తెలిపే ఏర్పాటూ, పంక్చరు సరిచేసే కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ లేకుండానే అమ్మే వీలు 2020లో కేంద్రం కల్పించింది. కొన్నవారికి ఆ సంగతి దారిలో డిక్కీ తెరిచాక తెలియడం విషాదం.

వేడి, బ్యాటరీ, బ్రేకులు

ఇంజను వేడెక్కి ఆవిరి చిమ్ముతుంటే ఏసీ ఆపి, పక్కకు తెచ్చి, ఇంజను ఆపి కనీసం అరగంట వదిలేయాలి. ఆగడానికి చోటు దొరికేదాకా హీటరు పూర్తిగా తిప్పి ఉంచితే ఇంజను వేడిలో కొంత కారులోకి వచ్చేస్తుంది, మనుషులకు కష్టమైనా ఇంజనుకు మేలు. రేడియేటరు మూత వేడి మీద తెరవరాదు. లోపలి ద్రవం పీడనంలో ఉండటం వల్ల వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే పీడనం పోయి ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారిన తర్వాతే గుడ్డ వేసి కొంచెం కొంచెంగా తిప్పాలి. ఇంజను ఆపేసినా కరెంటు ఫ్యాను తనంతట తిరగవచ్చు, వేళ్లు జాగ్రత్త.

సెల్ఫ్ కొడితే ‘టిక్ టిక్’ అని ఊరుకుంటే బ్యాటరీ దిగిపోయినట్లు లెక్క. మరో కారు బ్యాటరీతో కలిపేటప్పుడు ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస చచ్చిన కారు ఇంజనులో రంగు వేయని ఇనుముకు. ఆ చివరి కొసను బ్యాటరీకే తగిలిస్తే లేచే నిప్పురవ్వ, బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌ను అంటించవచ్చు. నెట్టి స్టార్టు చేయడం గేర్లు చేత్తో మార్చే కార్లకే చెల్లుతుంది. విద్యుత్ కార్లను నెట్టడం, తాడు కట్టి లాగడం కూడదు, చక్రాలు తిరిగితే మోటారు దెబ్బతింటుంది. వాటిని బల్లలాంటి లారీ మీదికి ఎక్కించే తీసుకెళ్లాలి. వాటిలో నారింజ రంగు తీగలను తాకరాదు.

బ్రేకు పెడలు నేలకు దిగిపోతే వేగంగా పైకీ కిందికీ తొక్కితే కొంత పట్టు దొరకవచ్చు. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించి, హ్యాండ్ బ్రేకును ఒక్కసారి లాగకుండా కొద్దికొద్దిగా ఎత్తాలి. ఘాట్లలో బ్రేకులు విఫలం కావడానికి ఎక్కువసార్లు యంత్రం కాదు, వాడకం కారణం. పాడేరు, మారేడుమిల్లి ఘాట్ల దిగుడులో బ్రేకు మీదే కాలుంచితే ప్యాడ్లు కాలి పట్టు కోల్పోతాయి. ఎక్కడానికి వాడే గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల లెక్క, అది సరైనదే. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవారికి ఆ ఆదా కూడా లేదు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితే కొంత తాగుతూనే ఉంటాయి.

నిప్పు, నీరు

కారులో మంటలకు ముఖ్య కారణాల్లో బయట అదనంగా పెట్టించే లైట్లు, హారన్ల వైరింగు ఒకటి. ఎలుకలు కొరికిన తీగలు, సరిగా బిగించని గ్యాస్ కిట్లు మరికొన్ని. పొగ కనిపించగానే ఆపి, ఇంజను కట్టేసి, అందరూ దిగి కనీసం 30 మీటర్ల దూరం పోవాలి. బ్యాగుల కోసం వెనక్కి రాకూడదు. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి అంది మంట ఎగుస్తుంది. తలుపులు తెరుచుకోకపోతే పక్క అద్దాన్ని మూలలో కొట్టాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్‌తో అతికినది, అది పగిలినా ఊడదు. సీటు తలదిండు కడ్డీలతో అద్దం పగలగొట్టవచ్చని ప్రచారంలో ఉన్న ఉపాయం నమ్మదగ్గది కాదు. మొన కలిగిన చిన్న సుత్తి చేతికందే చోట ఉంచుకోవడం నయం.

వాగు దాటే విషయంలో తెలుగు నేల అనుభవం చేదుగా ఉంది. ఆకేరు, మున్నేరు, బుడమేరు పొంగిన రోజుల్లో కాజ్‌వేల మీద కొట్టుకుపోయిన వాహనాలెన్నో. కారు బరువైనది కాబట్టి నిలుస్తుందన్నది భ్రమ. చిన్న కారు బరువు సుమారు 900 కిలోలు, అడుగు వైశాల్యం ఆరు చదరపు మీటర్లనుకుంటే, నీళ్లు అడుగు భాగాన్ని దాటి 15 సెంటీమీటర్లు ఎక్కేసరికి 900 లీటర్ల చోటు ఆక్రమించి తేలిపోతుంది. నేల నుంచి చూస్తే అది ఒక అడుగు లోతు, మోకాలి కంటే తక్కువ. ఇంజనులోకి నీళ్లు పోయి ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండరులో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆ నష్టాన్ని మామూలు బీమా సాధారణంగా భరించదు.

కాలువలో పడిన కారు మొదటి నిమిషంలో కొంత తేలుతుంది. అప్పుడే బెల్టు విప్పి, అద్దం దించి, పిల్లలను ముందు పంపి బయటపడాలి. తలుపు కోసం పెనుగులాడితే బయటి నీటి ఒత్తిడి దాన్ని తెరవనివ్వదు.

గాయపడినవారు, చట్టం

ప్రమాదం తర్వాతి మొదటి గంటను మోటారు వాహనాల చట్టం ‘గోల్డెన్ అవర్’గా గుర్తించింది. మంటో, మునకో ముంచుకొస్తే తప్ప గాయపడినవారిని లాగకూడదు, వెన్నెముక దెబ్బతింటుంది. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. నీళ్లు తాగించడం మనవారి దయకు గుర్తే గానీ స్పృహ సరిగా లేనివారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, శస్త్రచికిత్సకూ అడ్డవుతాయి.

సాయం చేస్తే స్టేషను చుట్టూ తిరగాలన్న భయానికి చట్టంలో ఇప్పుడు చోటు లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019 సవరణలో చేర్చిన 134ఏ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతపెట్టరాదు. క్షతగాత్రులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. ప్రమాదం చేసిన డ్రైవరు వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలి. బీమా సంస్థకూ వెంటనే చెప్పి, బండి కదిలించే ముందు ఫొటోలు తీసి ఉంచాలి.

విదేశాల్లో కారు నడిపే తెలుగువారు కొన్ని తేడాలు గమనించాలి. బ్రిటన్‌లో మామూలు రోడ్డుపై త్రికోణం 45 మీటర్ల వెనక పెట్టమంటారు, మోటార్‌వేపై అసలు పెట్టవద్దంటారు. ఫ్రాన్స్‌లో త్రికోణంతో పాటు మెరిసే జాకెట్టు కారులో ఉండి తీరాలి. అమెరికాలో అత్యవసర నంబరు 911, ఐరోపా సమాఖ్య దేశాల్లో 112. బ్రిటన్‌లా కాకుండా బండ్లు కుడివైపు నడిచే దేశాల్లో ఆపాల్సిన అంచు కుడిది, దిగాల్సిన తలుపూ అదే.

బయల్దేరే ముందు

త్రికోణం, టార్చి, పానా, జాకీ, జంపర్ తీగలు, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, ఫోను చార్జరు డిక్కీలో ఉంటే చాలావరకు సరిపోతుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కారు నడపడం నిబంధనలకు విరుద్ధం. గాడి బాగున్నా రబ్బరు ఏళ్లతో ఎండిపోతుంది. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉండే నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం తెలుపుతాయి, 2319 అని ఉంటే అది 2019లో 23వ వారపు టైరు. ఆరేళ్లు దాటినదాన్ని దూర ప్రయాణానికి నమ్మకూడదు. డిక్కీలో ఒక్కసారీ వాడని స్టెప్నీకి కూడా వయసు ఇదే లెక్కన పెరుగుతుంది.